కొత్తగా విల్లు కొనేవాళ్లకు: కొలతల నుంచి ట్యూనింగ్ దాకా పూర్తి మార్గదర్శి

హన్మకొండ, కరీంనగర్, మంచిర్యాల వైపు నుంచి అడిగేవాళ్లు పెరుగుతున్నారు. పెద్దపల్లి జిల్లా అమ్మాయి తనిపర్తి చికిత 2025లో కాంపౌండ్ (కప్పీలున్న విల్లు) విభాగంలో ప్రపంచ యూత్ చాంపియన్ అయ్యాక తల్లిదండ్రులు కూడా అడుగుతున్నారు. దాదాపు అందరి మొదటి ప్రశ్నా ఒకటే: "ఎన్ని పౌండ్ల విల్లు కొనాలి?"

నిజానికి అది నాలుగో ప్రశ్న. ముందు కన్ను, తర్వాత లాగే పొడవు (డ్రా లెంగ్త్), ఆ తర్వాత విల్లు పొడవు, అప్పుడే పౌండ్లు (విల్లు లాగడానికి పట్టే బలం; దాన్నే విల్లు బరువు అంటాం). ఈ వరుస తప్పితే ఎంత ఖరీదు పెట్టి కొన్నా చివరికి భుజం నొప్పే మిగులుతుంది. సెటప్‌కు కూడా ఒక వరుస ఉంది. ఒక కొలత కదిపితే దాని తర్వాతివన్నీ కదులుతాయి కాబట్టి ఆ వరుస తప్పకండి.

ఇందులో ఎక్కువ భాగం రికర్వ్ విల్లు (కొనలు ముందుకు వంగి ఉండే, కప్పీలు లేని విల్లు) గురించి. కాంపౌండ్ కొనేవాళ్లకు 9వ భాగం ఉంది. మొదటి మూడు భాగాలు, బాణాల భాగం వాళ్లూ చదవాలి. కొలతలన్నీ కుడిచేతి వాటం ఆర్చర్‌కు ఇచ్చాను. ఎడమచేతి వాళ్లు కుడి, ఎడమలు తిప్పి చదువుకోవాలి.

## 1. కొనకముందే తెలియాల్సిన చట్టం

విదేశీ వీడియోల్లో జింకల వేట చూసి, అలాంటి విల్లే కావాలనేవాళ్లు ఉన్నారు. మన దేశంలో అది నేరం. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని 9వ సెక్షన్ వేటను నిషేధిస్తుంది. జంతువు చస్తేనే వేట అనుకోవద్దు. తరమడం, ఎర వేయడం, ఉచ్చు పెట్టడం, ప్రయత్నం చేయడం కూడా ఆ చట్టం ప్రకారం వేటే.

అదే చట్టంలో 'ఆయుధం' నిర్వచనం కింద విల్లు, బాణాలు కూడా ఉన్నాయి. ముందుగా రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో అభయారణ్యంలోకి వెళ్లకూడదని 31వ సెక్షన్ చెబుతుంది. ఏటూరునాగారం, పాఖాల, శివారం, ప్రాణహిత, కవ్వాల్ అన్నీ మనకు దగ్గరివే. అటు పిక్నిక్‌కు పోతున్నప్పుడు విల్లు ఇంట్లోనే ఉంచండి. అడవిపందులు పంట పాడుచేస్తున్నా విల్లు తీయొద్దు, అటవీ శాఖ దగ్గరికే వెళ్లాలి.

కాబట్టి ఇక్కడ చెప్పేదంతా టార్గెట్ ఆర్చరీకి, ఫోమ్ బొమ్మల మీద వేసే త్రీడీ ఆర్చరీకి. రెండింటికీ మామూలు టార్గెట్ మొన చాలు. ఆన్‌లైన్‌లో అమ్మే బ్లేడు మొనలు కొనకండి. అవి టార్గెట్‌ను చీల్చేస్తాయి, బాణం పీకేటప్పుడు వేళ్లు తెగుతాయి, టార్గెట్ పోటీల్లో వాటికి అనుమతి లేదు.

## 2. ఏ కన్ను, ఏ చెయ్యి

రెండు కళ్లూ తెరిచి, చేతులు ముందుకు చాచి, రెండు అరచేతుల మధ్య చిన్న త్రికోణం చేయండి. దూరంగా ఉన్న ఒక స్తంభాన్నో గడియారాన్నో అందులోంచి చూడండి. చూపు తిప్పకుండా చేతులను మెల్లగా ముఖం దగ్గరికి తెచ్చుకోండి. త్రికోణం ఏ కంటి మీదికి వస్తే అదే మీ ప్రధాన కన్ను. మూడు నాలుగు సార్లు చేసి ఖాయం చేసుకోండి.

కుడి కన్ను ప్రధానమైతే విల్లు ఎడమ చేత పట్టి, కుడి చేత్తో లాగాలి. దీన్నే కుడిచేతి విల్లు అంటారు. రాసే చెయ్యి ఒకటి, ప్రధాన కన్ను ఇంకొకటి అయితే కొత్తవాళ్లు కంటి ప్రకారం పోవడమే మంచిది. మొదటి నెల ఇబ్బందిగా ఉంటుంది కానీ, ఒక కన్ను మూసుకొని గురి చూడాల్సిన బాధ తప్పుతుంది.

## 3. డ్రా లెంగ్త్ కొలవడం

గోడకు వీపు ఆనించి, చేతులు రెండు పక్కలకీ చాచి నిలబడండి. సాగదీయకండి. ఒక చేతి మధ్యవేలి కొన నుంచి రెండో చేతి మధ్యవేలి కొన దాకా ఇంకొకరు టేపుతో కొలవాలి. వచ్చిన అంగుళాలను 2.5తో భాగించండి. 65 అంగుళాలు వస్తే డ్రా లెంగ్త్ సుమారు 26 అంగుళాలు.

ఇది అంచనా మాత్రమే. అసలు కొలతకు తేలికపాటి ప్రాక్టీస్ విల్లు, పొడవాటి బాణం కావాలి. లాగి, చేతిని దవడ కింద ఆనించి ఉన్నప్పుడు ఇంకొకరు పక్కన నిలబడి, గ్రిప్ (విల్లు పట్టుకునే పిడి) లోతైన చోటుకు సరిగ్గా పైన బాణం మీద పెన్నుతో గీత పెట్టాలి. నాక్ (బాణం తోకలో విల్లు తాడు కూర్చునే ముక్క) గాడి నుంచి ఆ గీత దాకా కొలిచి 1¾ అంగుళం కలపండి. అదే మీ డ్రా లెంగ్త్.

కొలిచేటప్పుడు జరిగే తప్పులు ఇవి:

- మొదటిరోజే కొలిచి ఖాయం చేసుకోవడం. ఫామ్ (నిలబడే, లాగే తీరు) కుదిరేకొద్దీ డ్రా లెంగ్త్ అంగుళం దాకా పెరగొచ్చు.
- కొలిచేటప్పుడు విల్లు పట్టిన భుజం పైకి లేవడం. అప్పుడు కొలత తక్కువ వస్తుంది.
- ఎదిగే పిల్లలకు ఒక్కసారే కొలవడం. మూడు నాలుగు నెలలకోసారి మళ్లీ చూడండి.

## 4. విల్లు పొడవు

పొట్టి విల్లును పొడవు చేతులవాళ్లు లాగితే స్ట్రింగ్ (విల్లు తాడు) వేళ్ల దగ్గర బాగా మూసుకుపోయి నొక్కుతుంది. చివర్లో బరువు కూడా ఒక్కసారిగా పెరుగుతుంది. డ్రా లెంగ్త్‌ను బట్టి ఇలా ఎంచుకోండి:

- 24 అంగుళాల లోపు: 62 నుంచి 64 అంగుళాల విల్లు
- 25–26 అంగుళాలు: 66
- 27–28 అంగుళాలు: 68
- 29, ఆపైన: 70

రెండు సైజుల మధ్య ఉంటే పొడవుదే తీసుకోండి.

విల్లు మూడు ముక్కలుగా వస్తుంది: మధ్యలో రైజర్, పైన, కింద లింబ్స్. 25 అంగుళాల రైజర్‌కు షార్ట్ లింబ్స్ వేస్తే 66, మీడియం వేస్తే 68, లాంగ్ వేస్తే 70 అవుతుంది. రైజర్ కొనేటప్పుడు ఐఎల్‌ఎఫ్ ఫిట్టింగ్ ఉందా అని అడగండి. అది ఉంటే ఏ కంపెనీ ఐఎల్‌ఎఫ్ లింబ్స్ అయినా బిగించుకోవచ్చు. డబ్బు రైజర్ మీద పెట్టండి, మొదటి లింబ్స్ చవకవి తీసుకోండి. రైజర్ ఏళ్ల తరబడి ఉంటుంది, మొదటి లింబ్స్ మాత్రం బలం పెరిగేకొద్దీ మారిపోతాయి.

## 5. ఇప్పుడు పౌండ్లు

లింబ్ మీద రాసిన బరువు 28 అంగుళాలు లాగినప్పటిది. ఒక్కో అంగుళానికి సుమారు 2 పౌండ్లు పెరుగుతుంది లేదా తగ్గుతుంది. 24 పౌండ్ల లింబ్స్‌ను 26 అంగుళాలే లాగేవాళ్ల వేళ్ల మీద పడేది 20 పౌండ్లు. రైజర్ పొడవు ప్రభావం కూడా ఉంది. 25 అంగుళాల రైజర్‌కు రాసిన లింబ్స్‌ను 23 అంగుళాల రైజర్‌కు బిగిస్తే సుమారు 2 పౌండ్లు ఎక్కువవుతుంది.

మొదలుపెట్టడానికి నేను సూచించే బరువులు, వేళ్ల మీద పడే లెక్కలో:

- 10–12 ఏళ్ల పిల్లలు: 12–16 పౌండ్లు
- హైస్కూల్, ఇంటర్ పిల్లలు: 16–20
- పెద్దవాళ్లలో ఆడవాళ్లు: 18–22
- పెద్దవాళ్లలో మగవాళ్లు: 20–26

జిమ్‌కు వెళ్తున్నానని, పొలం పని అలవాటని ఎక్కువ బరువు అడిగేవాళ్లు చాలామంది. విల్లు లాగే కండరాలు వీపులో భుజం రెక్కల మధ్య ఉంటాయి. వేరే పనిలో వచ్చిన బలం అంతా ఇక్కడికి రాదు. నేర్చుకునేవాడి శ్రద్ధ అంతా బరువు మోయడానికే పోతే ఫామ్ మీద ఏం మిగులుతుంది?

కొనకముందు దుకాణంలోనో కోచ్ దగ్గరో ఈ పరీక్ష చేయండి. కుర్చీలో కూర్చొని, విల్లును టార్గెట్ ఎత్తులోనే ఉంచి మెల్లగా లాగండి. పది సెకన్లు ఆపండి. మెల్లగానే ముందుకు వదలండి. కొంచెం విశ్రాంతి తీసుకుంటూ ఇలా ఐదారుసార్లు చేయండి.

- లాగడానికి విల్లును ఆకాశం వైపు ఎత్తాల్సి వస్తోందా? బరువు ఎక్కువ.
- నడుము వెనక్కి వంగుతోందా? బరువు ఎక్కువ.
- చివరిసారికి చేయి వణుకుతోందా? బరువు ఎక్కువ.

పెంచేటప్పుడు 2 పౌండ్లు, మహా అయితే 4. అంతకు మించి ఒక్కసారే దూకకండి. ఐఎల్‌ఎఫ్ రైజర్‌లో లింబ్ బోల్టులు తిప్పి సుమారు పది శాతం దాకా సర్దుకోవచ్చు కాబట్టి ప్రతిసారీ కొత్త లింబ్స్ అక్కర్లేదు.

## 6. బాణాలు

విల్లు బాగుండి బాణం సరిపోకపోతే ఏ ట్యూనింగూ కుదరదు. విల్లు చవకదైనా పర్వాలేదు, బాణాలు మాత్రం సరిపోయేవే కొనాలి.

స్పైన్ అంటే బాణం వంగే గుణం. 28 అంగుళాల దూరంలో రెండు ఆధారాల మీద షాఫ్ట్‌ను (బాణం కాడను) ఉంచి, మధ్యలో 880 గ్రాముల బరువు వేలాడదీస్తే ఎంత వంగిందో అంగుళంలో వెయ్యో వంతుల్లో చెప్పే అంకె అది. అంకె పెరిగేకొద్దీ బాణం మెత్తన. 500 గట్టిది, 1000 మెత్తనిది. వేళ్ల మీద 20 పౌండ్లతో మొదలుపెట్టే పెద్దవాళ్లకు 1000 చుట్టుపక్కల సరిపోతుంది. కొనేముందు బాణం కంపెనీ ఇచ్చే స్పైన్ చార్టులో మీ పౌండ్లు, బాణం పొడవు కలిసే గడి చూడండి.

పొడవు విషయంలో తొందరపడొద్దు. పూర్తిగా లాగినప్పుడు బాణం మొన రెస్ట్ (రైజర్ మీద బాణం ఆనే చిన్న తీగ) కంటే కనీసం 2 అంగుళాలు ముందుకు ఉండాలి. పిల్లలకైతే 3 ఉంచండి. బాణం పొట్టిదై మొన రెస్ట్ వెనక్కి జారితే చేతికే గుచ్చుకుంటుంది. పొడవు బాణాన్ని తర్వాత కోయించుకోవచ్చు. కోస్తే గట్టిపడుతుంది, మొన బరువు పెంచితే మెత్తబడుతుంది. ఈ రెండూ గుర్తుంటే ట్యూనింగ్ సగం అర్థమైనట్టే.

డజను కొంటే తొమ్మిదింటికి వేన్స్ (తోక రెక్కలు) అంటించి, మూడు ఖాళీగా ఉంచండి. 8వ భాగంలో అవి కావాలి. వేన్స్ అంటించే ముందు షాఫ్ట్‌ను స్పిరిట్‌తో తుడవాలి. చేతి చెమట అంటుకొని ఉంటే మన ఎండలకు వారంలోనే ఊడతాయి.

నాక్ బిగువు ఇలా చూడండి: బాణాన్ని స్ట్రింగ్‌కు తగిలించి కిందికి వేలాడదీయండి. వేలాడుతూ ఉండాలి, స్ట్రింగ్ మీద వేలితో కొట్టగానే ఊడి పడాలి. కొట్టకముందే పడితే వదులు, కొట్టినా పడకపోతే బిగువు. వదులు నాక్ ఊడితే విల్లు ఖాళీగా వదిలినట్టవుతుంది. దాంతో లింబ్స్ పగలొచ్చు.

కార్బన్ బాణాలను ప్రతిరోజూ, గట్టి వస్తువుకు తగిలిన ప్రతిసారీ పరీక్షించాలి. రెండు చివరలూ పట్టి కొద్దిగా వంచి, తిప్పుతూ వినండి. చిటపట శబ్దం వచ్చినా, పీచు లేచినా, గీత కనిపించినా విరిచి పారేయండి. పగిలిన కార్బన్ బాణం వదిలిన క్షణంలో విరిగి చేతిలో దిగుతుంది. ఒక బాణం ఖరీదు చూసుకొని ఈ ప్రమాదం కొనితెచ్చుకోవద్దు.

## 7. మిగతా సామాను

మొదటిరోజే కావాల్సినవి:

- స్ట్రింగర్ (విల్లు ఎక్కించే తాడు)
- ఫింగర్ ట్యాబ్ (లాగే వేళ్లకు అడ్డుగా పెట్టే ముక్క), మీ చేతి సైజుది
- ఆర్మ్ గార్డ్, చెస్ట్ గార్డ్
- బో స్క్వేర్ (కొలతల టీ-స్కేలు)
- రెస్ట్, సాదా సైట్ (గురి చూసే పిన్)
- స్ట్రింగ్ మైనం
- నడుముకు కట్టే అమ్ములపొది

ప్లంజర్ (బాణానికి పక్క నుంచి ఆనే స్ప్రింగ్ మొన) ఒకటి రెండు నెలల తర్వాత. పొడవు స్టెబిలైజర్ (విల్లు నిలకడకు ముందు బిగించే కడ్డీ) ఆ తర్వాత. క్లిక్కర్ (పూర్తిగా లాగగానే టిక్కుమనే రేకు) మాత్రం ప్రతిసారీ ఒకే చోటికి లాగడం వచ్చాకే. కొత్తవాళ్లకు మొదటిరోజే క్లిక్కర్ పెడితే టెన్షన్ తప్ప ఇంకేం రాదు, ఆ శబ్దం కోసం భుజాలు బిగబట్టడం అలవాటవుతుంది.

స్ట్రింగ్ కొనేటప్పుడు లింబ్ కొనలు చూడండి. కొనలకు బలం పెట్టని చెక్క విల్లులకు డాక్రాన్ దారమే వాడాలి. సాగని ఫాస్ట్ ఫ్లైట్ రకం వేస్తే కొనలు చీలతాయి.

## 8. రికర్వ్ సెటప్: ఈ వరుసలోనే

ఒక నోట్‌బుక్ తీసుకోండి. ప్రతి కొలతా తేదీతో రాయండి. ఒకసారికి ఒక్కటే మార్చండి. రెండు మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

8.1 ఎక్కించడం. ఎప్పుడూ స్ట్రింగర్‌తోనే. కాలు అడ్డం పెట్టి వంచితే లింబ్స్ మెలితిరుగుతాయి, జారితే కంటికి తగులుతాయి. ఎక్కించాక స్ట్రింగ్ రెండు కొనల గాడుల్లోనూ సరిగ్గా కూర్చుందా అని చూడకుండా లాగవద్దు.

8.2 లింబ్స్ తిన్నగా ఉన్నాయా. విల్లును రెండు కుర్చీల మధ్య ఆనించి వెనక నుంచి చూడండి. స్ట్రింగ్ పై లింబ్ మధ్యగా, రైజర్ లింబ్ బోల్టుల మధ్యగా, కింది లింబ్ మధ్యగా ఒకే గీతలో కనిపించాలి. పక్కకు పోతే రైజర్‌లోని సర్దుబాటుతో సరిచేయాలి. ఇది తప్పితే తర్వాత చేసేదంతా వృథా. కాబట్టి ఇక్కడ ఎంతసేపు పట్టినా పట్టనివ్వండి.

8.3 టిల్లర్. పై, కింది లింబ్స్ నుంచి స్ట్రింగ్‌కు ఉన్న దూరాల తేడా ఇది. పై లింబ్ రైజర్‌లో దిగే చోటు నుంచి స్ట్రింగ్‌కు నిటారుగా కొలవండి. కింద కూడా అలాగే. బాణం పైన ఒక వేలు, కింద రెండు వేళ్లు పెట్టి లాగేవాళ్లకు పై కొలత 3 మి.మీ. ఎక్కువ ఉండేలా మొదలుపెట్టండి. 0 నుంచి 6 మి.మీ. దాకా తేడా మామూలే. బోల్టులను కంపెనీ చెప్పిన హద్దు దాటి వదులు చేయొద్దు, లింబ్ ఊడొస్తుంది.

8.4 బ్రేస్ హైట్. గ్రిప్‌లో లోతైన చోటు నుంచి స్ట్రింగ్ దాకా దూరం ఇది. 66 అంగుళాల విల్లుకు సుమారు 8¼–8¾, 68కి 8½–9, 70కి 8¾–9¼ అంగుళాలు. మీ విల్లు పుస్తకంలో వేరేగా ఉంటే దాన్నే పాటించండి. స్ట్రింగ్ దించి మెలికలు పెంచితే బ్రేస్ హైట్ పెరుగుతుంది, తగ్గిస్తే తగ్గుతుంది. తక్కువ అంకె దగ్గర మొదలుపెట్టి కొన్ని మెలికలు పెంచుతూ బాణాలు వేయండి. ఒకచోట శబ్దం తగ్గి, చేతికి అదురు తక్కువగా అనిపిస్తుంది. అదే మీ విల్లుకు సరైన ఎత్తు. కొత్త స్ట్రింగ్ మొదట్లో సాగుతుంది కాబట్టి ప్రతిరోజూ కొలవండి.

8.5 రెస్ట్, ప్లంజర్. బాణం షాఫ్ట్ మధ్యభాగం ప్లంజర్ మధ్యకు తగలాలి. రెస్ట్ తీగ షాఫ్ట్ కంటే బయటికి పొడుచుకు రాకూడదు, వస్తే వేన్స్ తగులుతాయి. స్ప్రింగ్ బిగువు మధ్యస్థంగా పెట్టండి.

8.6 సెంటర్ షాట్. మళ్లీ వెనక నుంచి చూడండి. స్ట్రింగ్ లింబ్స్ మధ్యగా కనిపించేటప్పుడు, బాణం మొన స్ట్రింగ్‌కు ఎడమవైపు కొద్దిగా బయటికి ఉండాలి. మొన వెడల్పులో సగం బయటికి అంటే చాలు. ప్లంజర్‌ను లోపలికీ బయటికీ తిప్పి ఇది సరిచేసుకోవాలి.

8.7 నాకింగ్ పాయింట్. స్ట్రింగ్ మీద నాక్ కూర్చునే చోటు ఇది. బో స్క్వేర్‌ను స్ట్రింగ్‌కు తగిలించి రెస్ట్ మీద ఆనించండి. బాణం అడుగుభాగం రెస్ట్‌తో సమంగా ఉండే గీతకు 8 మి.మీ. పైన ఉండేలా దారం చుట్టండి. పైనా కిందా రెండు ముడులు, మధ్యలో నాక్ కొద్దిగా కదలడానికి సందు ఉండాలి. ముడులు నాక్‌ను నొక్కేస్తే లాగేటప్పుడు బాణం రెస్ట్ మీద నుంచి లేస్తుంది. ట్యూనింగ్ అయ్యాకే జిగురు వేయండి.

8.8 సైట్. పిన్‌ను బాణం గీతకు సూటిగా పెట్టి 5 మీటర్ల నుంచి మొదలుపెట్టండి. తర్వాత 10, తర్వాత 18. బాణాలు ఎటు పోతే సైట్‌ను అటే జరపాలి. కింద పడితే పిన్ కిందికి, ఎడమకు పడితే ఎడమకు. కొత్తవాళ్లలో సగం మంది దీన్ని తిప్పి చేస్తారు. ఒక్క బాణం చూసి జరపొద్దు. కనీసం ఆరు వేసి, అవి గుంపుగా పడ్డ చోటు చూసి జరపండి.

8.9 బేర్ షాఫ్ట్ పరీక్ష. 18 మీటర్ల దగ్గర మీ బాణాలు ఒక పళ్లెం వెడల్పులో పడే దాకా ఈ పరీక్ష వద్దు. అప్పటిదాకా ఫామ్ తప్పులే బయటపడతాయి, విల్లు తప్పులు తెలియవు. ఆ దశకు వచ్చాక మూడు మామూలు బాణాలు, మూడు వేన్స్ లేనివి ఒకే గురితో వేయండి. ముందు ఎత్తు సరిచేయాలి, తర్వాతే పక్కలు.

- ఖాళీ బాణాలు గుంపు కంటే పైన పడితే: నాకింగ్ పాయింట్ పైకి జరపండి.
- కింద పడితే: నాకింగ్ పాయింట్ కిందికి.
- ఎడమకు పడితే బాణం గట్టిది: ప్లంజర్ స్ప్రింగ్ వదులు చేయండి, లేదా పౌండ్లు కొద్దిగా పెంచండి, లేదా బరువు మొన వేయండి.
- కుడికి పడితే బాణం మెత్తనిది: స్ప్రింగ్ బిగించండి, లేదా పౌండ్లు తగ్గించండి, లేదా బాణాన్ని కొద్దికొద్దిగా కోయించండి.

ఖాళీ బాణం గుంపుకు దగ్గర్లో, బెత్తెడు లోపు పడితే మొదటి ఏడాదికి చాలు. అక్కడ ఆపి ప్రాక్టీస్ మీద పడండి. ప్రతివారం ట్యూనింగ్ చేసేవాళ్లు బాణాలు తక్కువ వేస్తారు.

## 9. కాంపౌండ్ కొనేవాళ్లకు

కాంపౌండ్‌లో కప్పీల వల్ల పూర్తిగా లాగాక బరువు తగ్గుతుంది. 40 పౌండ్ల విల్లుకు 75 శాతం తగ్గింపు ఉంటే పట్టి ఉంచేది 10 పౌండ్లే. అలా అని మొదటే 60 పౌండ్లు కొనకండి. లాగే దారిలో ఆ బరువంతా భుజం దాటాల్సిందే. ప్రపంచ ఆర్చరీ పోటీల్లో కాంపౌండ్‌కు హద్దే 60 పౌండ్లు.

డ్రా లెంగ్త్ కాంపౌండ్‌లో విల్లుకే సెట్ చేసి ఉంటుంది. అర అంగుళం తేడా కూడా తెలుస్తుంది. ఎక్కువైతే తల, నడుము వెనక్కి వాలతాయి. తక్కువైతే లాగే మోచేయి బాణం గీత నుంచి బయటికి పోతుంది. సరిగ్గా ఉంటే నిటారుగా నిలబడి, తల కదపకుండానే స్ట్రింగ్ ముక్కు కొనకు తగులుతుంది.

వేట కోసం చేసిన కాంపౌండ్లు పొట్టిగా, తేలిగ్గా, వేగంగా ఉంటాయి. ఆన్‌లైన్‌లో ఆకు రంగు చారలతో కనిపించేవి ఎక్కువగా అవే. టార్గెట్ నేర్చుకోవడానికి కప్పీ నుంచి కప్పీకి 36 అంగుళాలు, అంతకు మించి ఉన్నవి నిలకడగా ఉంటాయి.

కాంపౌండ్ సెటప్‌లో చేయాల్సినవి, చేయకూడనివి:

- వేళ్లతో లాగొద్దు. డీ-లూప్ (స్ట్రింగ్‌కు కట్టే చిన్న తాడు ఉచ్చు) కట్టించి, రిలీజ్ (దాన్ని పట్టి లాగి వదిలే చేతి పరికరం) వాడండి.
- లాగుతూ ఉన్నప్పుడు రిలీజ్ ట్రిగ్గర్‌కు వేలు దూరంగా ఉండాలి.
- బాణం లేకుండా ఎప్పుడూ వదలొద్దు. స్నేహితుడు "ఒకసారి చూస్తా" అని అడిగినప్పుడే ఇది జరుగుతుంది, ఇవ్వకండి.
- బో ప్రెస్ (లింబ్స్‌ను వంచి పట్టే యంత్రం) లేకుండా స్ట్రింగ్, కేబుళ్లు ముట్టొద్దు.
- రెండు కప్పీలూ ఒకేసారి ఆగుతున్నాయా అని ఇంకొకరిని చూడమనండి.
- పీప్ (స్ట్రింగ్‌లో ఉండే చూపు రంధ్రం) ఎత్తు మీ యాంకర్‌కు (లాగాక చేయి ముఖానికి ఆనే చోటుకు) తగినట్టు పెట్టించుకోండి. కళ్లు మూసుకొని లాగి, యాంకర్ చేసి, కళ్లు తెరిస్తే పీప్‌లోంచి సైట్ కనిపించాలి.
- బాణం బరువు విల్లు పౌండుకు 5 గ్రెయిన్ల (బాణం తూకానికి వాడే చిన్న కొలత) కంటే తగ్గకూడదు. 40 పౌండ్ల విల్లుకు కనీసం 200 గ్రెయిన్లు.

## 10. టార్గెట్, స్థలం

కోచ్, రేంజ్ ఉన్నచోట నేర్చుకోవడమే మొదటి మార్గం. ఊళ్లో సొంత చెల్కలో ప్రాక్టీస్ చేసుకునేవాళ్లకు ఇవి.

తక్కువ పౌండ్లకు గోనె సంచి టార్గెట్ బాగా పనిచేస్తుంది. పాత చీరలు, నూలు బట్టలు కుక్కి కుక్కి నింపండి. గుండీలు, జిప్పులు కత్తిరించి తీసేయాలి. వదులుగా నింపితే బాణం దూసుకుపోతుంది. నింపాక నిలబడి తొక్కినా అణగకూడదు. వరిగడ్డి టార్గెట్ కూడా మంచిదే కానీ నేల మీద పెడితే చెదలు పడతాయి, తడిస్తే కుళ్లుతుంది. ఇటుకల మీదో కర్ర స్టాండు మీదో ఎత్తులో పెట్టండి. పౌండ్లు 30 దాటాక పొరలు పొరలుగా బిగించిన ఫోమ్ టార్గెట్ కొనుక్కోవాలి.

టార్గెట్ వెనక మనిషి ఎత్తు దాటే మట్టికట్ట ఉండాలి. మనవైపు గుట్టలు, బండరాళ్లు ఎక్కువ కదా అని వాటినే అడ్డం పెట్టుకుంటారు. అంతకంటే ప్రమాదం లేదు. నల్లరాయికి తగిలిన బాణం ఎటు ఎగిరొస్తుందో చెప్పలేం. బాణం తప్పినా మట్టిలోనే దిగాలి.

- చెరువు కట్ట, కాలిబాట, పశువులు తిరిగే దారి వైపు వేయొద్దు.
- డాబా మీద నుంచి వేయొద్దు, కింద ఎవరూ లేరనుకున్నా సరే.
- ఆకాశం వైపు ఎప్పుడూ వేయొద్దు.
- అందరూ ఒకే గీత మీద నిలబడి వేయాలి. ఒక్కరు ముందుకు వెళ్లినా మిగతా విల్లులు కింద పెట్టాలి.
- పోటీల్లో వాడే విజిల్ అలవాటే చేసుకోండి: రెండు ఊదితే గీత మీదికి, ఒకటి ఊదితే వేయడం మొదలు, మూడు ఊదితే బాణాలు తెచ్చుకోవడం.
- బాణం పీకేటప్పుడు ఒక చేత్తో టార్గెట్ నొక్కి, రెండో చేత్తో టార్గెట్‌కు ఆనుకొని షాఫ్ట్ పట్టి సూటిగా లాగండి. వెనక ఎవరూ నిలబడకూడదు, నాక్ సరిగ్గా కళ్ల ఎత్తులో ఉంటుంది.

## 11. తరచూ ఎదురయ్యే సమస్యలు

స్ట్రింగ్ ముంజేతికి కొడుతోంది. మోచేయి లోపలి భాగం పైకి తిరిగి ఉంది. విల్లు పట్టి ఉండగానే మోచేతిని బయటికి తిప్పండి. తగ్గకపోతే బ్రేస్ హైట్ కొలవండి, పడిపోయి ఉంటుంది.

లాగేటప్పుడు బాణం రెస్ట్ మీద నుంచి పడిపోతోంది. వేళ్లు నాక్‌ను నొక్కుతున్నాయి, లేదా వేళ్లు ముడుచుకుంటూ స్ట్రింగ్‌ను మెలితిప్పుతున్నాయి. మొదటి కణుపు దగ్గర కొక్కెంలా పట్టి, చేతి వెనకభాగం వదులుగా ఉంచండి.

నిన్న బాగా పడ్డాయి, ఇవాళ అన్నీ పక్కకు. సైట్ ముట్టుకోకముందు నోట్‌బుక్ తీసి బ్రేస్ హైట్, నాకింగ్ పాయింట్, లింబ్ బోల్టులు, సైట్ స్క్రూలు చూడండి. వీటిలో ఏదో ఒకటి కదిలి ఉంటుంది.

బాణం తోక ఊపుకుంటూ పోతోంది. వేన్స్ ఎక్కడో తగులుతున్నాయేమో చూడండి. వేన్స్‌కు, రెస్ట్ చుట్టూ ముఖానికి వేసుకునే పౌడర్ అద్ది ఒక బాణం వేస్తే గీత పడ్డ చోట తగులుతున్నట్టు. నాక్‌ను కొద్దిగా తిప్పి మళ్లీ చూడండి. ఎక్కడా తగలకపోతే స్పైన్ తప్పు.

భుజంలో నొప్పి. ఆ రోజు ఆపేయండి. మర్నాడు తక్కువ పౌండ్లతో చూడండి. నొప్పి ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, విల్లు పక్కన పెట్టాలి.

## 12. మన ఎండ, మన వాన

వేసవిలో మూసిన కారు డిక్కీలో విల్లు వదలొద్దు. రామగుండం, వరంగల్ ఎండలకు డిక్కీ లోపల వేడి బయటికంటే చాలా ఎక్కువ. లింబ్ పొరల మధ్య జిగురు మెత్తబడి పొరలు విడిపోతాయి. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున 9 లోపు ప్రాక్టీస్ ముగించండి. మధ్యలో విల్లును స్టాండు మీద నీడలో పెట్టాలి.

ప్రాక్టీస్ అయ్యాక రికర్వ్ స్ట్రింగ్ రోజూ దించాలి. వెదురు విల్లు వాడే పిల్లలకు ఇది ఇంకా ముఖ్యం. ఎక్కించి వదిలేస్తే వెదురు ఆ వంపులోనే ఉండిపోయి బలం తగ్గుతుంది. వానాకాలంలో వెదురు తేమ పీలుస్తుంది కాబట్టి నేల మీద, గోడకు ఆనించి కాకుండా పొడి గదిలో అడ్డంగా వేలాడదీయండి.

వానలో తడిస్తే వరుసగా ఇలా చేయండి:

- లింబ్స్, రైజర్ విడదీసి పొడి గుడ్డతో తుడవడం
- స్ట్రింగ్ నీడలో ఆరబెట్టి, మైనం రాసి, వేళ్లతో వేడెక్కేలా రుద్దడం
- తోలు ట్యాబ్‌ను నీడలోనే ఆరనివ్వడం, ఎండలో పెడితే బిరుసెక్కుతుంది
- ప్లంజర్ విప్పి తుడవడం, స్ప్రింగ్‌కు తుప్పు పడితే మార్చడం
- బాణం మొనలు, నాక్‌లు వదులయ్యాయా అని చూడటం

స్ట్రింగ్‌లో ఒక్క పోగు తెగినా మార్చేయాలి. పక్కన ఇంకొకటి ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకోండి. అది కూడా ముందే కొన్ని రోజులు వాడి సాగదీసి, బ్రేస్ హైట్ రాసి పెట్టినదై ఉండాలి.

దసరాకు ఆయుధ పూజలో విల్లు పెట్టేవాళ్లు పసుపు, కుంకుమ రైజర్‌కే పెట్టండి. స్ట్రింగ్ పోగుల్లో, ప్లంజర్‌లో పొడి చేరకుండా చూడండి. పూజలో విల్లును దించే ఉంచండి. పిల్లలు ముచ్చటపడి లాగి వదిలితే అక్కడే లింబ్ పోతుంది. దీపం, అగరొత్తుల వేడి తగలనంత దూరంలో పెట్టి, మర్నాడు ఎక్కించేముందు లింబ్ కొనలు, బోల్టులు మరోసారి చూసుకోండి.